ఒక రాజీనామా, రెండు పూలదండలు

నిన్న ఆఫీసు క్యాంటీన్లో ఎవరో అమ్మాయి మామూలుగా అడిగింది: "విడాకులకి ఎన్నాళ్ళు పడుతుందంటావ్?" నాకు టీ పొలమారింది! ఎందుకంటే, ఆ విషయంలో నాకున్నంత అనుభవం చాలామంది విడాకులైనవాళ్ళకి కూడా ఉండదు. నాకు పెళ్ళే కాలేదనుకోండి, అది వేరే సంగతి.

దాచేదేముంది, చెప్పేస్తాను. మా అక్కకి త్వరగా విడాకులు ఇప్పిస్తానని బయల్దేరి, అదే మొగుడితో ఇంకోసారి పెళ్ళి చేయించబోయినదాన్ని నేను. దండలు కూడా వచ్చేశాయి!

పదేళ్ళ పైమాట. అప్పుడు మేం రాయ్‌పూర్ రైల్వే కాలనీలో ఉండేవాళ్ళం. సుగుణక్క మా పెద్దమ్మ కూతురు. నాకంటే పద్నాలుగేళ్ళు పెద్ద. వాళ్ళ క్వార్టర్ మాకు రెండు వరసల అవతల. పెదనాన్న పోయాక కూడా పెద్దమ్మ ఆ కాలనీ వదల్లేక పక్కనే అద్దెకి దిగింది. అక్క ఓ ప్రైవేటు బడిలో టీచరు. నాకు జడలు వేసింది అక్క, సైకిల్ నేర్పింది అక్క. నేను డిబేట్‌కి ప్రాక్టీస్ చేస్తుంటే వరండా మెట్ల మీద బియ్యం ఏరుతూ కూర్చుని, టైమైపోగానే గరిటెతో పళ్ళెం మీద కొట్టేది. "ఇంక చాల్లేవే, ఎదుటివాడు ఎప్పుడో ఓడిపోయాడు!" అనేది.

బావది బొబ్బిలి దగ్గర ఊరు. పెళ్ళయ్యాక ఇక్కడే ఓ స్టీలు ఫ్యాక్టరీలో ఉద్యోగం చూసుకున్నాడు. మంచి మనిషి. కానీ హిందీ ఆయన నోటికి ఎక్కలేదు. ఎన్నేళ్ళున్నా సరేకి 'అచ్ఛా', ఎంతకి 'కిత్నా', ఆ రెండే. వీధిలో అందరూ ఆయన్ని 'రావ్‌జీ' అని పిలిచేవాళ్ళు. ఆయన పేరులో రావు లేదు! రాయ్‌పూర్‌లో తెలుగు మగాడైతే చాలు, రావే. మొదట్లో సరిదిద్దేవాడు, తర్వాత మానేశాడు. ఆయనకి ఎప్పుడూ ఊరి ధ్యాసే. అక్కకి ఇక్కడి బడి, ఇక్కడి అమ్మ, ఇక్కడి మనుషులు. తిట్టుకున్నది లేదు, కొట్టుకున్నది లేదు. ఒకరు కిటికీలోంచి స్టేషన్ వైపు, ఇంకొకరు బడి వైపు చూస్తూ ఆరేళ్ళు గడిపారు.

ఓ రోజు బావ రెండు ఉత్తరాలు రాశాడు. ఒకటి ఇంగ్లీషులో ఫ్యాక్టరీకి. రెండోది తెలుగులో అక్కకి. ఫ్రిజ్ మీద పెట్టి, సాయంత్రం విశాఖ బండి ఎక్కేశాడు. నాకు ఇప్పటికీ నోటికొచ్చు:

"సుగుణకి, ఈ రోజు ఫ్యాక్టరీకి రాజీనామా ఇచ్చేశాను. ఈ సంసారానికి కూడా రాజీనామా చేస్తున్నాను. తప్పు నీది కాదు. గ్యాస్ బుక్ చేశాను, శనివారం వస్తుంది."

శనివారం గ్యాస్ వచ్చింది. బావ రాలేదు.

రెండేళ్ళ తర్వాత ఇద్దరూ ఫోన్లో నెమ్మదిగా మాట్లాడుకుని విడాకులకి ఒప్పుకున్నారు. అప్పుడే ప్రభుత్వ టీచర్ల నోటిఫికేషన్ పడింది. అక్కకి వయసు దాటిపోయింది. విడాకులైన ఆడవాళ్ళకి మాత్రం ఇంకొన్నేళ్ళ సడలింపు ఉంది. అయితే సర్టిఫికెట్ల వెరిఫికేషన్ నాటికి డిక్రీ చేతిలో ఉండాలి. మరుసటి నోటిఫికేషన్ దాకా ఆగితే ఆ సడలింపు వయసు కూడా దాటిపోతుంది. అంటే ఇదే ఆఖరి అవకాశం. అక్క బడిలో ఇచ్చే జీతం గురించి నేను చెప్పను, మీరు ఏడుస్తారు.

వకీలు గారి దగ్గరికి అక్కతో నేనే వెళ్ళాను. కోర్టు కచేరీ దగ్గర చిన్న గది, గోడ నిండా కట్టలు కట్టిన ఫైళ్ళు. కూర్చోకముందే, విడాకులకి ఎన్నాళ్ళు పడుతుందని అడిగేశాను, "అంకుల్, తలాక్ మే కిత్నా టైమ్ లగ్తా హై?"

ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ హిందీలో తాపీగా చెప్పారు. "ఇద్దరూ రాజీగా ఉంటే ఇప్పుడోసారి వాంగ్మూలం, ఆర్నెల్లు ఆగుడు, మళ్ళీ వాంగ్మూలం. అంతే బేటా. మొగుడూ పెళ్ళాల వల్ల ఆలస్యం కాదు. కాగితాల వల్ల అవుతుంది."

"కాగితాల సంగతి నాకొదిలేయండి," అన్నాను.

యూనివర్సిటీలో అప్పుడు హిందీ డిబేట్ అంటే నేనే! నా పొగరు చూడాలి మీరు. పెళ్ళి శుభలేఖ నుంచి రేషన్ కార్డు దాకా అన్నీ తెచ్చి నేల మీద పరిచాను. ఒక్కో పేరు, ఒక్కో అక్షరం పోల్చాను. ఓ కాగితంలో బావ పేరు పక్కన 'రావ్' దూరింది. పీకి పారేశాను! అక్క టీ తెచ్చి పక్కన పెడితే, "డిస్టర్బ్ చెయ్యకు, ఇక్కడ నీ భవిష్యత్తు తయారవుతోంది," అన్నాను. అక్క చక్కెర కలిపి వెళ్ళింది.

ఒక్క చిక్కు మిగిలింది. ఏడాదికి పైగా విడిగా ఉంటున్నారని చూపించాలి. ఉన్న ఏకైక ఆధారం ఆ తెలుగు ఉత్తరం. దానికి హిందీ అనువాదం జతచేయాలి.

"తెలుగు అనువాదకుడు దొరకాలంటే మూడు వారాలు పట్టొచ్చు," అన్నారు వకీలు గారు.

"మూడు వారాలా! సాయంత్రానికి నేనిస్తాను."

"నువ్వా? కోర్టు కాగితం బేటా అది..."

"అంకుల్, రెండు భాషలూ నాకు తల్లిపాలతో వచ్చాయి!"

ఆయన నా వైపు ఓ క్షణం చూసి, సరే, అనువదించినదాన్ని నేనేనని ప్రమాణపత్రం ఇవ్వమన్నారు.

బయట చెట్టు కింద టైపు మిషన్ పెట్టుకున్న నోటరీ దగ్గరికి పరుగెత్తాను. ఆయన తల ఎత్తకుండా అడిగాడు.

"నామ్?"

"ఝాన్సీ."

"గావ్ నహీ, నామ్ పూఛా." అడిగింది ఊరు కాదట, పేరట.

"నామే ఝాన్సీ!"

"అచ్ఛా, తో గావ్?"

"రాయ్‌పూర్!"

"ఝాన్సీ రాయ్‌పూర్ మే," అని గొణుక్కుంటూ టైపు కొట్టేశాడు. ఆ రోజు నాకొచ్చిన చిక్కు అదొక్కటే అనుకున్నాను.

ఇక అనువాదం. నాలుగు వాక్యాలు! గ్యాస్ సిలిండర్‌తో సహా మిగతాదంతా చకచకా వచ్చేసింది. ఒక్క 'రాజీనామా' దగ్గరే కలం ఆగింది. 'ఇస్తీఫా' అని రాయొచ్చు. మరీ ఆఫీసు వాసన కొట్టింది. 'త్యాగ్‌పత్ర్' అందామా? బావ ఏదో సన్యాసంలో కలిసిపోయినట్టు ఉంది. అయినా వెతకడం ఎందుకు? వకాలత్‌నామా, హలఫ్‌నామా, ఇక్‌రార్‌నామా... కోర్టు నిండా నామాలే! బావ వాడిన మాట కూడా ఆ కుటుంబందే కదా. మూలానికి ద్రోహం చెయ్యకూడదు! ఆ మాటని అలాగే ఎత్తి హిందీలో కూర్చోబెట్టాను. "మై ఇస్ గృహస్థీ మే భీ రాజీనామా దేతా హూఁ." చదివి నాకు నేనే మురిసిపోయాను. అక్కకి చదివి వినిపించాను. అక్కదీ మా ఇంటి తెలుగే కదా, తలూపింది.

మొదటి వాంగ్మూలం పది నిమిషాల్లో అయిపోయింది. జతచేసిన కాగితం జోలికి, మా వకీలు గారితో సహా, ఎవరూ పోలేదు. ఆర్నెల్లు గడిచాయి. అక్క రాత పరీక్ష పాసైంది. వెరిఫికేషన్ తేదీ వచ్చింది. మా రెండో వాయిదా మంగళవారం, వెరిఫికేషన్ ఆ పై వారం బుధవారం. లెక్క సరిగ్గా కుదిరింది! "చూశావా ప్లానింగ్?" అన్నాను అక్కతో, స్కూటీ మీద వెనక కూర్చుని.

మంగళవారం బావ పొద్దున బండి దిగి తిన్నగా కోర్టుకొచ్చాడు. చేతిలో ఓ సంచీ. "అత్తకి మామిడి తాండ్ర తెచ్చాను, ఇస్తావేటి?" అని అక్కకిచ్చాడు. అక్క, "మీరు టిఫిన్ చేశారా?" అంది. విడాకులకి వచ్చినవాళ్ళలా లేరు ఇద్దరూ. పరీక్ష హాలు బయట పాత క్లాస్‌మేట్లలా ఉన్నారు.

జడ్జి గారు మారారు. కొత్తావిడ. ప్రతి కాగితం చదివే రకం! మా కేసు పిలిచే సమయానికి వకీలు గారు పక్క కోర్టులో ఇరుక్కున్నారు. జడ్జిగారు పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగారు.

"ఈ ఉత్తరం అనువదించింది ఎవరు?"

నేను లేచాను. ఆ లేవడంలోనే స్టేజీ ఎక్కిన ఊపు వచ్చేసింది. "మైనే, అధ్యక్ష్ మహోదయా!"

ఎవరో కిసుక్కుమన్నారు. కోర్టులో అధ్యక్షులు ఉండరని అప్పుడు గుర్తొచ్చింది. కానీ బండి అప్పటికే కదిలిపోయింది.

"ఆ తేదీన పతి రాజీనామా ఇచ్చాడంటారా?" అడిగారావిడ, ఆశ్చర్యంగా.

"జీ, బిల్కుల్!"

"ఎవరి ఒత్తిడి అయినా ఉందా?"

"నహీ! పూరీ ఇచ్ఛా సే!"

"ఆ మాట మీద ఈ రోజుకీ ఉన్నాడా?"

"ఆజ్ భీ కాయమ్ హై!" బల్ల దొరకలేదు గానీ, కటకటాల మీద ఓ గుద్దు గుద్దాను.

"మరి పత్నీ?"

"పత్నీ కో భీ మంజూర్ హై!"

జడ్జిగారి మొహం విచ్చుకుంది. "అయితే ఇంక గొడవ ఏముంది?"

"గొడవే లేదు, మహోదయా! రాజీనామాయే మా కేసుకి పునాది!"

"బహుత్ బధాయీ," అని ఆవిడ చిరునవ్వుతో అభినందించి ఏదో రాశారు.

అయిపోయింది! డిక్రీ! అక్కని అక్కడే కావలించుకున్నాను. బావ నా భుజం తట్టి, "ఏటి మరదలా, ఇంత తొందరగా తెమిల్చేసినావ్!" అన్నాడు. గుమాస్తా మమ్మల్ని పక్క గదికి తీసుకెళ్ళాడు. సంతకాలకేమో అనుకున్నాం.

అది కౌన్సెలింగ్ గది. పెద్ద బొట్టు పెట్టుకున్న కౌన్సెలర్ దీదీ మమ్మల్ని చూసి లేచి నిలబడింది. మొహం నిండా నవ్వు. మేకుకి వేలాడుతున్న రెండు బంతిపూల దండలు తీసి, ఒకటి అక్క చేతిలో, ఒకటి బావ చేతిలో పెట్టింది.

"పహ్లే పత్నీ పహ్‌నాయేగీ," అంది. ముందు భార్య వెయ్యాలట!

విడాకులకి కూడా దండలుంటాయేమోనని నేను ఓ క్షణం నిజంగానే ఆలోచించాను. అంత తెలివి నాది.

బావ దండ పట్టుకుని, నా చెవిలో గుసగుసగా, "ఝాన్సీ, మళ్ళీ పెళ్ళి సేసేస్తన్నారేటే?"

"దీదీ, ఇదేంటి?" అన్నాను.

"రాజీనామా అయిపోయిందిగా! ఇద్దరూ రాజీ అయ్యారు, నామా రాసేసుకున్నారు. ఇప్పుడు కలిసి ఇంటికెళ్ళండి." నెల తర్వాత వచ్చి ఎలా ఉంటున్నారో చెప్పాలట. కేసు తేదీ కూడా అప్పుడే.

రాజీ! నా బుర్రలో గంటలు మోగాయి. హిందీవాళ్ళకి రాజీనామా అంటే రాజీపడ్డ కాగితం. తెలుగులో కూడా రాజీ అంటే రాజీయే కదా! మరి దానికి నామా తగిలించేసరికి మన దగ్గర ఉద్యోగం ఎందుకు పోతుందండీ? ఏ మహానుభావుడు చేశాడీ పని?

బావ 'నేను పోతున్నా' అని రాస్తే, నేను 'నేను కలిసుంటా' అని అనువదించాను. ప్రమాణం చేసి మరీ! పైగా నిండు కోర్టులో దాన్ని గెలిపించాను!

అక్క బెంచీ మీద కూర్చుంది, దండ ఒళ్ళో పెట్టుకుని. అరవలేదు. తిట్టలేదు. పూలు ఒక్కొక్కటే నిమురుతూ, "వచ్చే వారం బుధవారమే వెరిఫికేషన్, ఝాన్సీ," అంది. అంతే. ఆ మాట ఇప్పటికీ నాకు వినిపిస్తుంది. 

పరుగెత్తాను. కోర్టు హాలు ఖాళీ. లంచ్! తలుపు దగ్గరే నిలబడి, మనసులో ఓ ప్రసంగం తయారుచేసుకున్నాను. ఉర్దూ మూలం, దేశభాషల్లో అర్థ పరిణామం, అన్నీ! జడ్జిగారు రాగానే మొదలెట్టాను. "మహోదయా, శబ్దార్థ్ కే సందర్భ్ మే..."

"ఆప్ బైఠ్ జాయియే."

కూర్చున్నాను.

అప్పుడు లేచాడు, నా వెనకే వచ్చిన బావ. దండ ఇంకా చేతిలోనే ఉంది. పెళ్ళిపీటల మీంచి లేచొచ్చిన వాడిలా ఉన్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"మేడమ్. హమ్‌కో హిందీ నై ఆతా. తెలుగు మే రాజీనామా మత్లబ్, నౌకరీ ఛోడ్నా. హమ్ ఫ్యాక్టరీ కా నౌకరీ ఛోడా. పతి కా నౌకరీ భీ ఛోడా. ఏక్ దిన్. దో చిట్ఠీ." రెండు వేళ్ళు చూపించాడు: ఒకటి ఫ్యాక్టరీ కొలువు మానేసిన చీటీ, ఒకటి మొగుడి కొలువు మానేసిన చీటీ.

 ముందు గుమాస్తా నవ్వాడు, ఆ తర్వాత అందరూ. జడ్జిగారు ఫైలు అడ్డం పెట్టుకున్నారు గానీ భుజాలు కదులుతూనే ఉన్నాయి.

"మరి ఈ అమ్మాయి?" అన్నారు, నన్ను చూపిస్తూ.

"అచ్ఛా లడ్కీ, మేడమ్. బోల్తా జ్యాదా." మంచి పిల్లేనట, వాగుడే ఎక్కువట!

ఎనిమిదేళ్ళుగా నేను ఎక్కని స్టేజీ లేదు. ఆ పూట నన్ను గెలిచినవాడికి క్రియాపదాలు కూడా సరిగా రావు!

వకీలు గారు రొప్పుకుంటూ వచ్చి, వెరిఫికేషన్ కాగితం చూపించి బతిమాలారు. జడ్జిగారు నెల వాయిదా తీసేసి, శుక్రవారం సరైన అనువాదంతో రమ్మన్నారు. "ఈసారి వేరేవాళ్ళతో," అని నొక్కి చెప్పారు.

బావ తిరుగు టిక్కెట్టు ఆ సాయంత్రానికే. రద్దు చేసుకున్నాడు. లాడ్జిలో ఉంటానన్నాడు గానీ పెద్దమ్మ ఒప్పుకోలేదు. "కోర్టు సంగతి కోర్టుది, బాబూ. ఈ ఊళ్ళో నువ్వు హోటల్లో తినడమేటి?" అని పనసపొట్టు కూర మొదలెట్టింది.

ఆ మూడు రోజులు! ఏం చెప్పమంటారు? మా ఇళ్ళల్లో అంత నవ్వు అంతకుముందూ లేదు, ఆ తర్వాతా లేదు. బావ వరండాలో కూర్చుని కాలనీ పిల్లలకి తన కోర్టు ఉపన్యాసం చేసి చూపించేవాడు. అక్క లోపలినుంచి "నౌకరీ కా కాదు, కీ!" అని వ్యాకరణం దిద్దేది. ఆరేళ్ళ కాపురంలో నేర్పలేని హిందీ ఆ మూడు రోజుల్లో నేర్పింది. పొద్దున్నే బావ వెళ్ళి అటుకుల పోహా, జిలేబీ కట్టించుకొచ్చేవాడు. "కిత్నా?" అని అడగడం మాత్రం మారలేదు. పెరట్లో బట్టలారేస్తూ ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటుంటే నాకు ఆశ పుట్టింది.

గురువారం సాయంత్రం అక్కని అడిగేశాను. "అక్కా, ఒకవేళ నా తప్పు అనువాదమే నిజమైపోతే?"

 అక్క పప్పు తిరగమోత పెట్టి, మూత పెట్టి, అప్పుడంది. "మంచోడేనే. ఇప్పుడు ఎందుకింత బావున్నాడో తెలుసా? శుక్రవారం వెళ్ళిపోతానని తెలుసు గనక. ఉండమంటే మళ్ళీ కిటికీలోంచి స్టేషన్ చూస్తాడు."

నేను లేచి కంచాలు పెట్టాను. 

శుక్రవారం ఉత్తరం కొత్త అనువాదంతో వెళ్ళింది. కాలనీలో రిటైరైన ఓ తెలుగు పంతులు గారు చేసిచ్చారు. 'త్యాగ్‌పత్ర్' అనే రాశారు, అక్కడ బావ సన్యాసిలా ఏమీ కనపడలేదు. ఇద్దరూ వాంగ్మూలాలిచ్చారు. డిక్రీ వచ్చింది. సాయంత్రం స్టేషన్లో అక్క బావకి పులిహోర పొట్లం ఇచ్చింది. బండి కదులుతుంటే బావ నాకేసి వంగి, "మరదలా, నీకు సంబంధం కుదిరితే శుభలేఖ మాత్రం ఇంకెవరిసేతైనా రాయించుకో," అన్నాడు. అక్క నవ్వుతూనే ఉంది. బండి మలుపు తిరిగాక కూడా కాసేపు అటే చూసింది. ఆ చూపుని నేను అనువదించబోలేదు. నేర్చుకున్నాను కదా.

ఇప్పుడు అక్క ఆరంగ్ దగ్గర ప్రభుత్వ బడిలో హెడ్ టీచర్. నెలకోసారి కూడా కలవలేకపోతున్నాం. అప్పట్లో స్కూటీ మీద కచేరీకీ ఇంటికీ తిరిగిన ఆ ఆర్నెల్లే, నేను అక్కతో తనివితీరా గడిపిన రోజులు. ఆలస్యాలన్నీ చెడ్డవి కావేమోనని నా అనుమానం. ఈ మాట వకీలు గారి ముందు అనకండి.

అసలు విషయం ఇంకా ఉంది. డిక్రీ నకలు చేతికందింది మంగళవారం సాయంత్రం. బుధవారం పొద్దున్నే నయా రాయ్‌పూర్‌లో వెరిఫికేషన్ కౌంటర్ ముందు కూర్చున్నాం.  ఆఫీసరు ఏడు పేజీలూ చదివాడు. ఆరో పేజీ దగ్గర ఆగాడు. కళ్ళద్దాలు పైకి తోసుకుని మళ్ళీ చదివాడు. 

"అంతా సరిగ్గానే ఉంది మేడమ్," అని ముద్ర ఠపీమని కొట్టాడు. తర్వాత వేలు ఆరో పేజీ మీద పెట్టి, "ఇక్కడ రాసిన ఈ అనువాదకురాలు ఎవరు?" అన్నాడు.

అక్క తల తిప్పకుండా, సంతకం పెడుతూనే, బొటనవేలితో పక్కకి చూపించింది.

నేను వంగి చదివాను. భార్య దోషం ఏమీ లేదని రాశారు. భర్త దోషం ఏమీ లేదని రాశారు. కింద ఓ పేరా నిండా నేనే! మొగుడూ పెళ్ళాలు విడిపోయిన కేసులో కోర్టు తప్పు పట్టింది ఒక్కర్నే, అదీ పెళ్ళికాని పిల్లని!